ఊరి పక్కన పాత గని ఉంటే తాగే నీళ్లు ఎలా పరీక్ష చేయించుకోవాలి

హైదరాబాద్‌లో నీళ్ల మంచిచెడ్డలు తేల్చేది టీడీఎస్ పెన్ను. ఫిల్టర్ అమ్మడానికి వచ్చినవాళ్లు గ్లాసులో ముంచి అంకె చూపిస్తారు. చూసి చూసి మనకూ అదే అలవాటైంది. పండక్కి ఊరెళ్తూ ఆ పెన్ను సంచిలో వేసుకుపోతాం. అమ్మానాన్న తాగే బోరు నీళ్లలో ముంచి, 300 చూపించగానే "బాగానే ఉన్నాయి, తాగండి" అని చెప్పి బస్సెక్కేస్తాం. ఊరి పక్కన ఒకప్పుడు సీసమో, రాగో, బంగారమో తవ్వి వదిలేసిన గని ఉంటే మాత్రం ఆ పెన్నును నమ్మి ఆ మాట అనకండి.

టీడీఎస్ అంటే లీటరు నీళ్లలో కరిగి ఉన్న లవణాలన్నిటి లెక్క, మిల్లీగ్రాముల్లో. తాగే నీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. అంతకు పది రెట్ల సీసం ఆ నీళ్లలో ఉన్నా కలిసేది 0.1 మాత్రమే. పెన్ను మీద 300 అలాగే 300గా కనిపిస్తుంది. రంగు మారదు, వాసన రాదు, రుచి తెలియదు. ఈ సంగతి కంటితోనూ నాలుకతోనూ పెన్నుతోనూ తేలదు. ఫలానా లోహం ఎంత ఉందో చెప్పమని ల్యాబ్‌ను పేరు పెట్టి అడిగితేనే తేలుతుంది. అది ఎలా అడగాలో, అంతకు ముందూ తర్వాతా ఏం చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు కొద్దిగా రాళ్ల సంగతి

లోహపు రాళ్లలో చాలావాటితో పాటు పైరైట్ ఉంటుంది. ఇనుము, గంధకం కలిసిన రాయి అది, పసుపుగా మెరుస్తుంది. భూమి లోపల గాలి తగలకుండా ఉన్నన్నాళ్లూ దానితో ఏ గొడవా లేదు. తవ్వి బయట పోసినప్పుడు, లోపల సొరంగాల్లోకి గాలి చేరినప్పుడు అది నీటితో, ఆక్సిజన్‌తో కలిసి గంధకామ్లం అవుతుంది. ఈ పనిని బ్యాక్టీరియా ఇంకా వేగం చేస్తాయి. ఆ యాసిడ్ చుట్టూ ఉన్న రాళ్లలోంచి సీసం, కాడ్మియం, జింకు, రాగి, ఆర్సెనిక్, మాంగనీస్‌లను కరిగించి నీళ్లలోకి లాగుతుంది.

గని నడుస్తున్నప్పుడు పంపులు పెట్టి లోపలి నీళ్లు తోడేస్తుంటారు. గని మూతబడిన రోజున పంపులూ ఆగిపోతాయి. సొరంగాలు మెల్లగా నిండుతాయి. ఏళ్ల తర్వాత ఎక్కడో పల్లంలో, ఏ వాగు ఒడ్డునో ఆ నీరు బయటపడుతుంది. "గని మూసేసి ఇరవై ఏళ్లయింది, ఇంకేం ప్రమాదం" అని ఊళ్లో అంటుంటారు. కానీ ఈ కథ మొదలయ్యేదే గని మూసేశాక. అమెరికాలోని కొలరాడోలో దశాబ్దాల కిందట మూతబడ్డ గోల్డ్ కింగ్ గని నుంచి 2015 ఆగస్టు 5న కోటి లీటర్లకు పైగా మురికి నీరు ఒక్కసారిగా బయటపడి అనిమాస్ నది నారింజ రంగుకు తిరిగింది. అది కంటికి కనిపించింది కాబట్టి ప్రపంచమంతా చూసింది. ఊరి బోరులోకి చుక్క చుక్కగా ఊరే నీటిని ఎవరూ ఫొటో తీయరు.

ఇంకో సంగతి. గని చుట్టూ సున్నపురాయి, డోలమైట్ లాంటి రాయి ఉంటే యాసిడ్ అక్కడికక్కడే విరిగిపోతుంది. నీరు పుల్లగా ఉండదు, ఇనుము అడుగున పేరుకుపోతుంది కాబట్టి పైకి తేటగా కూడా ఉంటుంది. అయినా జింకు, కాడ్మియం, మాంగనీస్, ఆర్సెనిక్ అందులో కరిగి ఉండొచ్చు. పీహెచ్ (నీటి పులుపు కొలిచే అంకె) 7 వచ్చిందని, అంటే పులుపు లేదని, ఊపిరి పీల్చుకోవద్దని చెప్పేది ఇందుకే.

మొదటి పని: మీ ఊరి దగ్గర గని ఉండేదా?

హైదరాబాద్ గ్రానైట్ మీద కట్టిన నగరం, ఇక్కడ లోహపు గనులు లేవు. కానీ ఇక్కడ ఉన్న మనలో చాలామంది ఊళ్లు వాటి పక్కనే ఉన్నాయి. పల్నాడులో వినుకొండ దాటాక అగ్నిగుండాల, బండ్లమోటు వైపు సీసం, రాగి తవ్వారు. ఖమ్మం వైపు మైలారంలో రాగి. అనంతపురం వైపు రామగిరిలో, చిత్తూరు జిల్లాలో కుప్పం దగ్గర చిగురుకుంట, బిసానత్తంలో బంగారం. పొద్దున్నే తెలుగు మాట్లాడుతూ పనికి దిగిన కుటుంబాలెన్నో ఉన్న కోలార్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి. అక్కడ పోసిన గని మట్టి 3 కోట్ల టన్నులకు పైమాటే. ఈ ఊళ్ల నీళ్లు చెడిపోయాయని నేను అనడం లేదు. పరీక్ష చేయించకుండా బాగున్నాయని మాత్రం ఎవరూ అనలేరు.

పేరున్న గనులు కాక, ఎవరికీ గుర్తులేని పాత తవ్వకాలు ఇంకా ఉంటాయి. పెద్దవాళ్లను అడగండి. "రాళ్ల మిల్లు ఉండేది", "ఆ దిబ్బ మీద గడ్డి మొలవదు", "ఆ వాగులో చేప బతకదు" అనే మాటలు వినిపిస్తే రాసుకోండి. తర్వాత మ్యాపులు చూడండి. జియలాజికల్ సర్వే వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో ఖనిజాలు దొరికిన చోట్లు ఉంటాయి. మన బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) నడిపే మ్యాపుల సైటు భువన్‌లో ఉపగ్రహ చిత్రం పెద్దది చేసి చూస్తే చెట్టూ చేమా లేని తెల్లటి, బూడిదరంగు దిబ్బలు కనిపిస్తాయి. అక్కడి నుంచి నీరు ఎటు పారుతుందో చూడండి. గని నుంచి మీ బోరు ఎంత దూరం అనేదానికంటే, మీ బోరు పల్లం వైపు ఉందా, మిట్ట వైపు ఉందా అనేది ముఖ్యం.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. కాటేదాన్, జీడిమెట్ల, పటాన్‌చెరు చుట్టుపక్కల బోరు నీళ్లు వాడే ఇళ్లకు కూడా కింద చెప్పిన పరీక్షలన్నీ వర్తిస్తాయి. అక్కడ లోహం వచ్చే దారి గని కాదు, ఫ్యాక్టరీ. ఒంటికి జరిగేది మాత్రం అదే.

రెండో పని: రిపోర్టు కోసం ఆగకుండా పిల్లల నీళ్లు మార్చండి

శాంపిల్ తీయడానికి, ల్యాబ్‌కు పంపడానికి, రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది. ఈలోగా ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణి, పాలిచ్చే తల్లి ఉంటే వాళ్లు తాగే నీళ్లు, వంట నీళ్లు ఈరోజే మార్చండి. మిగతా పనులన్నీ ఆలస్యమైనా ఫర్వాలేదు, ఇది మాత్రం ఆగకూడదు.

మిషన్ భగీరథ నల్లా ఉంటే అవే తాగించండి. అవి కృష్ణా, గోదావరి నీళ్లను శుద్ధి చేసి పంపేవి, ఊరి బోరుతో సంబంధం లేనివి. చాలా ఇళ్లలో ఆ నీళ్లు "చప్పగా ఉన్నాయి" అని గిన్నెలు కడగడానికి వాడి, బోరు నీళ్లు తాగుతుంటారు. దాన్ని తిరగేయమని చెప్పండి. ఆంధ్రలో అయితే రక్షిత మంచినీటి పథకం నీళ్లు ఎక్కడివో ముందు కనుక్కోండి. వాటిలో కొన్ని నదివి, కొన్ని ఊరి బోరువే. ఊళ్లో వాటర్ ప్లాంట్ క్యాను కొంటున్నా ఇదే ప్రశ్న వేయండి.

నీళ్లు మరిగిస్తే సరిపోతుందని అమ్మ అంటుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి, లోహం చావదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ లోహం ఇంకా చిక్కబడుతుంది. పప్పు, అన్నం, జావ అన్నీ ఆ నీళ్లతోనే ఉడుకుతాయి కాబట్టి వంట నీళ్లు కూడా మారాలని గట్టిగా చెప్పండి. స్నానానికి, బట్టలకు బోరు నీళ్లు వాడుకోవచ్చు. ఈ లోహాలు చర్మం గుండా లోపలికి పోయేది చాలా తక్కువ. పసిపిల్లలు స్నానం చేస్తూ ఆ నీళ్లు మింగకుండా చూసుకుంటే చాలు.

మూడో పని: ఒకసారి చుట్టూ నడిచి చూడండి

పగలు, మీతో ఇంకొకరు ఉండగా వెళ్లండి. సొరంగం నోట్లోకి, పాత షెడ్ల కిందికి దిగకండి. లోపల ఆక్సిజన్ తక్కువ ఉండి మనిషి నిలబడ్డచోటే కూలిపోతాడు. నీళ్లు నిండిన గుంటల్లో పిల్లలు ఈతకు దిగకుండా ఊళ్లో చెప్పి రండి.

వాగు అడుగున నారింజ, ఎర్రమట్టి రంగు జిగట పేరుకుని ఉంటే ఇనుము దిగుతోందని అర్థం. రాళ్ల మీద నీలం ఆకుపచ్చ పూత రాగికి గుర్తు. నల్లటి పూత మాంగనీస్ కావచ్చు. ఎండాకాలంలో దిబ్బల మీద, వాగు ఒడ్డున తెల్లగా, పసుపుగా ఉప్పు పూస్తుంది. ఆ పూత తొలకరికి కరిగి ఒక్కసారిగా వాగులోకి, చెరువులోకి దిగుతుంది. ఏడాది మొత్తంలో నీళ్లు అన్నిటికంటే చెడుగా ఉండే రోజులు తరచు అవే, మృగశిర కార్తెలో మొదటి వానలు పడ్డ రోజులు. వాగు నీళ్లు, చెలమ నీళ్లు తాగే అలవాటు ఉంటే ఆ రోజుల్లో పశువులను కూడా తాగనివ్వకండి.

పశువుల సంగతి అడగండి. సీసం తిన్న గేదె కళ్లు కనపడక గోడలకు గుద్దుకుంటుంది, పళ్లు కొరుకుతుంది, గుండ్రంగా తిరుగుతుంది. గొర్రెలు రాగిని అసలు తట్టుకోలేవు. మనుషుల్లో ఏళ్లు పట్టేది పశువుల్లో ముందే బయటపడొచ్చు. గొర్లకాపరులు చెప్పే మాటను తీసిపారేయకండి.

పైన చెప్పిన గుర్తులేవీ కనిపించకపోతే? అప్పుడూ పరీక్ష మానకండి. తేట నీటి గురించి ముందే చెప్పాను.

నాలుగో పని: శాంపిల్ సరిగ్గా తీయడం

చాలా రిపోర్టులు పనికిరాకుండా పోయేది ఇక్కడే. పాత కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు పట్టి, వారం తర్వాత ల్యాబ్‌కు ఇస్తే వచ్చే అంకెను నమ్మలేం.

ఊరెళ్లడానికి ముందే ల్యాబ్‌కు ఫోన్ చేసి సీసాలు అడిగి తీసుకోండి. గట్టి తెల్ల ప్లాస్టిక్ సీసాలు ఇస్తారు. కొన్నిటిలో ముందే కొద్దిగా నైట్రిక్ యాసిడ్ వేసి ఉంటుంది. లోహాలు సీసా గోడకు అంటుకుపోకుండా అది ఆపుతుంది. యాసిడ్ ఉన్న సీసాను కడగకండి, పొంగి పొర్లేలా నింపకండి, పిల్లలకు అందే చోట పెట్టకండి. యాసిడ్ మీరే కొని కలపాలని మాత్రం చూడొద్దు, చేతులు కాలతాయి. యాసిడ్ లేని సీసా ఇస్తే ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి నింపండి. హైదరాబాద్ చేరిన వెంటనే ఇచ్చి, "లోహాల పరీక్షకు యాసిడ్ కలిపి ఒక రోజు ఉంచాకే చేయండి" అని అడగండి.

పీహెచ్, టీడీఎస్, సల్ఫేట్ (గంధకామ్లం నీళ్లలో మిగిల్చేది) కోసం యాసిడ్ లేని సీసా వేరేగా ఉండాలి. పీహెచ్ దారిలోనే మారిపోతుంది. పీహెచ్ పేపర్ కట్ట కోఠి, సుల్తాన్‌బజార్ వైపు ల్యాబ్ సామాను దుకాణాల్లో దొరుకుతుంది. బోరు దగ్గరే ముంచి చూసి రాసుకోండి. బంగారు గని అయితే పాదరసం, సైనైడ్ కూడా అడగాలి. ఆ రెండిటికీ సీసాలు, కలిపే మందులు వేరు కాబట్టి ల్యాబ్‌కు ముందే చెప్పండి.

ఇప్పుడు అసలు కిటుకు. ఒకే ఇంట్లో రెండు శాంపిళ్లు తీయండి. ఒకటి తెల్లారి ఎవరూ నల్లా తిప్పకముందు వచ్చే మొదటి నీళ్లు. రెండోది మోటారు పావుగంట నడిచాక బోరు దగ్గర నేరుగా పట్టిన నీళ్లు. మొదటిదాంట్లో సీసం ఎక్కువ, రెండోదాంట్లో లేదు అంటే అది గనిది కాదు, ఇంట్లో పైపులు, ఇత్తడి నల్లాల నుంచి దిగుతోంది. రెండిటిలోనూ ఉంటే భూమిలోంచే వస్తోంది. ఈ తేడా తెలియక గని మీద పోట్లాడినవాళ్లు ఒక రకంగా నష్టపోతారు, గనిని వదిలేసి పైపులు మార్చినవాళ్లు ఇంకో రకంగా.

వీలైతే మూడోది కూడా తీయండి. అదే ఊళ్లో గనికి మిట్ట వైపు, దూరంగా ఉన్న బోరు నీళ్లు. అది పోల్చుకోవడానికి. అధికారుల ముందు మాట్లాడాల్సి వస్తే ఆ మూడో సీసాయే మీ తరఫున మాట్లాడుతుంది.

ప్రతి సీసా మీద చెరగని పెన్నుతో ఎవరి ఇల్లు, బోరు లోతు, తేదీ, టైము రాయండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఫొటో తీయండి. ఐస్ డబ్బాలో పెట్టి ఆ రాత్రి బస్సుకే తెచ్చేయండి. వేసవిలో ఒకసారి, వానలు మొదలయ్యాక ఒకసారి, ఏడాదికి రెండుసార్లు చేయిస్తేనే బొమ్మ పూర్తిగా కనిపిస్తుంది.

ఐదో పని: ల్యాబ్‌ను ఏం అడగాలి

జిల్లాల్లో గ్రామీణ నీటి సరఫరా శాఖకు ల్యాబ్‌లు ఉన్నాయి. పంచాయతీల దగ్గర ఫీల్డ్ కిట్లు కూడా ఉంటాయి. ఆ కిట్లు ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, కాఠిన్యం లాంటివి చూపించడానికి. సీసం, కాడ్మియం సాధారణంగా వాటిలో తేలవు. కిట్ పరీక్షలో అంతా బాగుందని రాసిన కాగితం చూపిస్తే, అందులో ఏయే పేర్లు ఉన్నాయో చదవండి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో నీళ్ల పరీక్షలు చేస్తారు. మీకు కావలసిన లోహాలు చేస్తారో లేదో ముందు కనుక్కుని వెళ్లండి. ఎన్‌ఏబీఎల్ (పరీక్షా ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబ్‌లు నగరంలో చాలా ఉన్నాయి.

గుర్తింపు బోర్డు చూసి ఆగిపోకండి. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ల్యాబ్ మొత్తానికి ఒకేసారి ఇచ్చేది కాదు, ఒక్కో పరీక్షకు వేరేగా ఇస్తారు. "తాగునీటిలో సీసం, ఆర్సెనిక్, కాడ్మియం మీ స్కోప్‌లో ఉన్నాయా" అని అడగండి, స్కోప్ అంటే గుర్తింపు దొరికిన పరీక్షల జాబితా. "ఐసీపీ-ఎంఎస్ మీద చేస్తారా" అని అడగండి, అది అతి కొద్ది లోహాన్ని కూడా పట్టే పరికరం. "ప్యాకేజీ" కింద చేసే మామూలు నీళ్ల పరీక్షలో చాలాసార్లు లోహాలు ఉండవు. కాబట్టి పేర్లు రాసి ఇవ్వండి: సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, మాంగనీస్, జింకు, రాగి, నికెల్, క్రోమియం, ఇనుము, వీటితో పాటు పీహెచ్, సల్ఫేట్. వడకట్టకుండా మొత్తం లోహం ఎంతో చెప్పమనండి, ఎందుకంటే మీరు తాగేది వడకట్టని నీళ్లే. ఖర్చు భారమనిపిస్తే సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, మాంగనీస్, సల్ఫేట్ మాత్రం వదలకండి.

మరో ప్రశ్న తప్పకుండా అడగాలి: "మీ మిషన్ ఎంత తక్కువ వరకు పట్టుకోగలదు?" రిపోర్టులో "బీడీఎల్" అని వస్తుంది, అంటే పరికరం పట్టుకోగల హద్దు కంటే తక్కువ అని. ఆ హద్దే 0.05 అయితే, 0.04 సీసం ఉన్న నీళ్లకు కూడా బీడీఎల్ అనే వస్తుంది. అది ప్రమాణానికి నాలుగు రెట్లు. బీడీఎల్ చూసి సంతోషించే ముందు పక్కన హద్దు ఎంత రాశారో చూడండి. రాయకపోతే రాయించుకోండి.

ఆరో పని: రిపోర్టు చదవడం

యూనిట్ ముందు చూడండి. కొన్ని ల్యాబ్‌లు లీటరుకు మిల్లీగ్రాముల్లో, కొన్ని మైక్రోగ్రాముల్లో ఇస్తాయి. మైక్రోగ్రాముల లెక్కనే పీపీబీ అని కూడా అంటారు. 0.01 మిల్లీగ్రాము అంటే 10 మైక్రోగ్రాములు. రెండిటినీ కలిపేసి భయపడేవాళ్లూ ఉన్నారు, ధైర్యపడేవాళ్లూ ఉన్నారు.

ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు మిల్లీగ్రాముల్లో సీసం 0.01, ఆర్సెనిక్ 0.01, కాడ్మియం 0.003, పాదరసం 0.001, నికెల్ 0.02, క్రోమియం 0.05 దాటకూడదు. మాంగనీస్ 0.1 లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరక్కపోతే 0.3 వరకు ఒప్పుకుంటారు. జింకుకు 5, సల్ఫేట్‌కు 200. పీహెచ్ 6.5కూ 8.5కూ మధ్య ఉండాలి. పేరులోనే ఉన్న భయం వల్ల అందరూ సీసం వైపు చూస్తారు గానీ, కాడ్మియం హద్దు దానికి మూడో వంతు కంటే తక్కువ అని గమనించండి.

సల్ఫేట్ ఎక్కువగా ఉండి, దానితో పాటు జింకు, మాంగనీస్ కూడా పెరిగి ఉంటే గని నీరు కలుస్తోందని అనుమానించాలి. ఒక్క ఫ్లోరైడే ఎక్కువ ఉందంటే అది వేరే కథ. నల్లగొండ వైపు గ్రానైట్ రాళ్లలోంచి సహజంగా వచ్చేది అది. అదీ ప్రమాదమే, కానీ దాని మందు వేరు.

ఏడో పని: ఒంటి సంగతి, డాక్టర్‌తో ఏం చెప్పాలి

ఇక్కడ నిదానంగా చదవండి. ఈ లోహాల వల్ల వచ్చే జబ్బులు మామూలు జబ్బుల్లా కనిపిస్తాయి.

సీసం పిల్లలకు చేసే హాని అన్నిటికంటే పెద్దది. పిల్లల పేగులు పెద్దవాళ్ల కంటే ఎక్కువ సీసాన్ని పీల్చుకుంటాయి. ఇంత వరకు ఫర్వాలేదు అని చెప్పగల హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. చదువులో వెనకబడటం, నిలకడ లేకపోవడం, రక్తం తగ్గడం, ఆకలి పోవడం, కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం. వీటిలో ఏది చూసినా ఊళ్లో "నులిపురుగులు" అనో "మొద్దు పిల్లాడు" అనో అనేస్తారు. పిల్లవాణ్ని మొద్దు అనే ముందు వాడు తాగే నీళ్లు చూడమని నా వేడుకోలు. తల్లి ఎముకల్లో ఏళ్ల కిందట చేరిన సీసం కూడా గర్భంలో కదిలి బిడ్డకు చేరుతుంది. అందుకే పుట్టింటికి పురుటికి వెళ్లే ఆడపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి.

ఆర్సెనిక్ ఏళ్ల తరబడి తాగితే ఛాతీ మీద, వీపు మీద వాన చినుకులు పడ్డట్టు నల్లటి, తెల్లటి మచ్చలు వస్తాయి. అరచేతులు, అరికాళ్లలో గట్టి బొడిపెలు లేస్తాయి. తర్వాత చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. బంగారపు రాయితో పాటు తరచు ఆర్సెనిక్ రాయి ఉంటుంది కాబట్టి బంగారు గనుల ఊళ్లవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. కాడ్మియం మూత్రపిండాల్లో పేరుకుని దశాబ్దాలు ఉంటుంది. జపాన్‌లో జింజూ నది ఒడ్డున కమియోకా గని నీరు వరి పొలాల్లోకి పారి, ఆ బియ్యం తిన్న ఆడవాళ్ల ఎముకలు దగ్గితే విరిగేంత పెళుసయ్యాయి. అది కాలుష్యం వల్ల వచ్చిన జబ్బేనని ఆ ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది.

హైదరాబాద్‌లో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లినప్పుడు "నీరసంగా ఉంది" అని చెప్పి ఊరుకోకండి. నీళ్ల రిపోర్టు చేతికిచ్చి, "గని పక్కన ఊరు, ఇన్నేళ్లుగా ఈ బోరు నీళ్లు తాగుతున్నారు" అని చెప్పండి. సీసానికి సిర నుంచి తీసిన రక్తం పరీక్ష కావాలి. వేలికొన గుచ్చి తీస్తే చర్మం మీది దుమ్ము కలిసి తప్పుడు అంకె వస్తుంది. రక్తంలో సీసం ఈమధ్య ఒకటి రెండు నెలల్లో ఒంట్లోకి పోయినదాన్ని ఎక్కువగా చూపిస్తుంది. అందుకే నీళ్లు మార్చాక ఆర్నెల్లు ఆగి చేయించి "ఏమీ లేదు" అనుకోకండి. రక్తంలో సీసం డెసిలీటరుకు (100 మిల్లీలీటర్లకు) 5 మైక్రోగ్రాములు దాటితే ఎక్కణ్నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ఆర్సెనిక్, కాడ్మియంలకు మూత్ర పరీక్ష. ఆర్సెనిక్‌కు శాంపిల్ ఇచ్చే ముందు రెండు మూడు రోజులు సముద్రపు చేపలు, రొయ్యలు తినకండి. వాటిలో ఉండే హాని లేని రకం ఆర్సెనిక్ అంకెను పెంచేస్తుంది. వెంట్రుకల పరీక్ష చేస్తామని వచ్చేవాళ్లకు డబ్బు పోయకండి.

రక్తంలో సీసం ఎక్కువ వచ్చినా నీళ్లొక్కటే కారణం కాకపోవచ్చు. కళ్లకు పెట్టే సుర్మా, ఊడిపోతున్న పాత పెయింటు, ఇంటి దగ్గరే చేసే బ్యాటరీ పని, రంగు కలిపిన పసుపు, కొన్ని రసౌషధాలు కూడా సీసాన్ని మోసుకొస్తాయి. నాగభస్మం సీసంతోనే చేస్తారు. ఇంట్లో వాడే మందులన్నీ డాక్టర్‌కు చూపించండి. లోహాన్ని బయటికి లాగే మందులు ఉన్నాయి, కానీ అవి డాక్టర్ లెక్క చూసి ఇవ్వాల్సినవి. "డీటాక్స్" పేరుతో అమ్మే పొడులు, పానీయాలు కొనకండి. పిల్లలకు కడుపునిండా తిండి, ఇనుము, కాల్షియం అందేలా చూడండి. రాగుల జావ, పాలు, ఆకుకూర, పైన నిమ్మరసం. ఇనుము, కాల్షియం తక్కువ ఉన్న ఒళ్లు సీసాన్ని ఎక్కువగా లాక్కుంటుంది.

ఎనిమిదో పని: ఫిల్టరు, పెరడు, మట్టి

క్యాండిల్ ఫిల్టరు, యూవీ దీపం, గుడ్డ వడపోత ఇవేవీ లోహాన్ని ఆపవు. ఆర్వో సీసాన్ని, కాడ్మియాన్ని చాలావరకు తీస్తుంది. ఆర్సెనిక్‌లో ఒక రకాన్ని బాగా తీస్తుంది, ఇంకో రకాన్ని అంతగా తీయలేదు. కాబట్టి ఆర్వో పెట్టాక, వచ్చే నీళ్లను మళ్లీ అదే లోహాలకు పరీక్ష చేయించండి. ఆర్వో నుంచి వదిలే నీళ్లలో లోహం ఇంకా చిక్కగా ఉంటుంది. వాటిని కూరపాదులకు పోయకండి, గేదెకు పెట్టకండి. చేతనైతే ఇంటి కప్పు మీద వాననీళ్లు పట్టుకోవడం ఉత్తమం, మొదటి వాన నీళ్లు వదిలేసి.

నీళ్లు మార్చినా మట్టి మిగిలి ఉంటుంది. జాంబియాలోని కాబ్వేలో సీసం గని 1994లో మూతబడింది, అయినా అక్కడి పిల్లల రక్తంలో సీసం ఇంకా చాలా ఎక్కువ, కారణం చాలావరకు మట్టి, దుమ్ము. గని దిబ్బ మట్టి మెత్తగా ఉంటుందని వాకిట్లో, గోడ పూతకు, పునాది నింపడానికి తెచ్చుకుంటారు. వద్దని చెప్పండి. చెప్పులు బయటే విడవాలి, ఇల్లు ఊడవడం కంటే తడిగుడ్డతో తుడవాలి, పిల్లల చేతులు అన్నానికి ముందు కడగాలి. దిబ్బ పక్క పొలంలో ఆకుకూర, ముల్లంగి, క్యారెట్ వేసుకోకపోవడం మేలు. మనం ఊరి నుంచి సంచుల్లో హైదరాబాద్‌కు తెచ్చుకునే బియ్యం గని వాగు కింది మడులదైతే, అందులోంచి ఒక కిలో బియ్యాన్ని కాడ్మియం, సీసం పరీక్షకు ఇవ్వండి.

తొమ్మిదో పని: రిపోర్టు పట్టుకుని ఎవరి దగ్గరికి

ఒక్క ఇంటి రిపోర్టుతో వెళ్తే "మీ బోరు మార్చుకోండి" అంటారు. నాలుగైదు ఇళ్లవి, పోల్చడానికి తీసిన దూరపు బోరుది కలిపి వెళ్లండి. గ్రామీణ నీటి సరఫరా ఇంజినీరుకు, కాలుష్య నియంత్రణ మండలికి, కలెక్టర్‌కు ఒకే అర్జీ ఇవ్వండి. తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో ఇస్తే నమోదు నంబరు వస్తుంది. అర్జీలో మూడే అడగండి: ఆ బోర్లకు "తాగడానికి కాదు" అని రాయడం, వేరే నీళ్లు ఇవ్వడం, పిల్లలకు రక్త పరీక్షలు.

డబ్బు లేదంటే జిల్లా ఖనిజ నిధి గురించి అడగండి. 2015లో గనుల చట్టం మార్చినప్పుడు వచ్చిన నిధి ఇది. తాగునీరు, ఆరోగ్యం దాని ప్రాధాన్య పనుల్లో ఉన్నాయి. గని ఎవరు మూశారు, ఎలా మూశారు అన్నది సమాచార హక్కు కింద పది రూపాయలతో ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్‌ను అడగొచ్చు. దానికి హైదరాబాద్‌లో ప్రాంతీయ కార్యాలయం ఉంది. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. గని మూసేటప్పుడు మూసివేత ప్రణాళిక ఇవ్వాలనే నిబంధన మన దేశంలో వచ్చింది 2003లో. అంతకు ముందు మూతబడ్డ గని అయితే ఆ కాగితమే ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ప్రణాళిక కాపీ అడిగి ఊరుకోకుండా, ఆ భూమి ఇప్పుడు ఎవరి పేరున ఉందో, దిబ్బల కింది నీళ్లను చివరిసారి ఎవరు పరీక్షించారో, ఆ రిపోర్టు కాపీ ఇవ్వాలనీ అదే దరఖాస్తులో రాయండి. అర్జీ మీద రసీదు ముద్ర వేయించుకున్న కాపీని రిపోర్టులతో పాటు ఒకే ఫైల్లో పెట్టి, ఇంకో సెట్టు ఊళ్లో సర్పంచ్ దగ్గర ఉంచండి.